గ్రాండ్ కాన్యన్ దారిలో మూడు మజిలీలు, మూడు కరెంటు తిప్పలు

మే నెల చివర్లో అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ ఎండలకి గుంటూరు ఎండలు చూసినవాళ్ళు కూడా "ఇదేం ఎండరా బాబూ" అన్నారు. అందుకని ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని, మా ఆవిడని, పాపని ట్రైలర్‌తో పాటు తీసుకుని ఉత్తరానికి బయల్దేరాం. ట్రక్ వెనక లాక్కెళ్ళే చిన్న ఇల్లు లాంటిది ఈ ట్రైలర్. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న 24 అడుగుల ట్రైలర్ మాది, 30 ఆంపియర్ల కనెక్షన్. నాన్న కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. ఈ సంగతి ముందే ఎందుకు చెప్తున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

మొదటి మజిలీ క్యాంప్ వెర్డే దగ్గర, ట్రైలర్లు అద్దెకి నిలుపుకునే ఓ ప్రైవేటు పార్కు. ఫీనిక్స్ నుంచి 90 మైళ్ళు. చెట్ల నీడ బాగుంది, స్నానాల గదులు శుభ్రంగా ఉన్నాయి. లాంగ్ వీకెండ్ కాబట్టి ఒక్క సైటు (ట్రైలర్ నిలిపే చోటు) కూడా ఖాళీ లేదు. మధ్యాహ్నం రెండింటికి ప్లగ్ పెట్టి ఏసీ వేశాం. పది నిమిషాల్లో మొత్తం ఆరిపోయింది.

సైటు పక్కన నిలబెట్టే కరెంటు బాక్సుని ఇక్కడ పెడెస్టల్ అంటారు. దానికీ మా కేబుల్‌కీ మధ్య ఒక రక్షణ పెట్టె తగిలిస్తాను. న్యూట్రల్ తెగినా, ఎర్త్ లేకపోయినా, వోల్టేజీ 104 కంటే పడిపోయినా అది కరెంటు ఆపేస్తుంది. దాని మీద 102 అని చూపిస్తోంది. ఉండాల్సింది 120. ఆఫీసులో చెప్తే, "మీ పెట్టెకి సున్నితం ఎక్కువ, అది తీసేసి నేరుగా పెట్టుకోండి" అన్నారు.

నాన్నకి ఇంగ్లీషు అంతంతమాత్రం. కానీ ఆ మాట అర్థమైంది. "తీశావంటే ఏసీ మోటారు కాలుద్ది. వోల్టేజీ తగ్గేకొద్దీ మోటారు కరెంటు ఎక్కువ లాగుద్ది, లోపలి తీగచుట్ట వేడెక్కుద్ది. మన పొలాల్లో ఎన్ని మోటార్లు పోయినియ్యో నేను చూళ్ళేదా?" అన్నారు. అమెరికాలో లో వోల్టేజీ ఉంటుందని ఆయనకి నమ్మకం కుదరడానికి కాసేపు పట్టింది. కుదిరాక మాత్రం ఉత్సాహం వచ్చింది. పెడెస్టల్ బ్రేకర్ ఆపించి, ప్లగ్ లాగి చెయ్యి పెట్టి చూశారు. బాగా వేడిగా ఉంది. ఒక పిన్ను నల్లబడింది. సాకెట్ వదులైపోయిందని తేల్చారు.

ఎన్నో ట్రైలర్లు లాగి పెట్టి అరగదీసిన 30 ఆంపియర్ల సాకెట్లకి ఇది మామూలు రోగమే. పక్కనే 50 ఆంపియర్ల సాకెట్ ఉంటే దాన్ని ఎక్కువమంది వాడరు, కాస్త గట్టిగా పట్టుకుంటుంది. నల్లబడిన పిన్నుని గరుకు కాగితంతో రుద్ది, అడాప్టర్ వేసి అందులో పెడితే 107 వచ్చింది. మిగతా తేడా పార్కు వైరింగ్‌ది, అందరూ ఒకేసారి ఏసీలు వేస్తే మనం చేయగలిగింది లేదు. ఇక లోడు తగ్గించాం. ఏసీకి 13 ఆంపియర్లు, మైక్రోవేవ్‌కి 12, నీళ్ళ హీటర్‌కి ఇంకో 12, మూడూ కలిస్తే 30 దాటినట్టే. హీటర్ని, ఫ్రిజ్‌ని గ్యాస్ మీదకి మార్చి, మైక్రోవేవ్ ముట్టుకోవద్దని అమ్మకి చెప్పాం. సాయంత్రం మాంటెజూమా కాసిల్‌కి వెళ్ళి, కొండ చరియలో పూర్వం సినాగ్వా అనే ఆదివాసీ ప్రజలు కట్టుకున్న ఐదంతస్తుల ఇళ్ళని సికమోర్ చెట్ల కింద నుంచి చూస్తూ కూర్చున్నాం. రాత్రి తొమ్మిది దాటాక 114కి ఎక్కింది. స్థలానికి మంచి మార్కులే, కరెంటుకి సున్నా. వేసవిలో మళ్ళీ వెళ్ళను.

రెండో మజిలీ గ్రాండ్ కాన్యన్ లోయ దక్షిణ అంచున (సౌత్ రిమ్), మేథర్ క్యాంప్‌గ్రౌండ్. అక్కడ కరెంటు కనెక్షన్లే ఉండవు, తెలిసే బుక్ చేశాను. చేరి ట్రక్ ప్లగ్ ఊడదీయగానే లైట్లు ఒక్కటీ వెలగలేదు. బయట ఉన్న బ్యాటరీ స్విచ్ ఆఫ్‌లో ఉంది! ట్రైలర్‌ని ఇంటి దగ్గర నిలిపినప్పుడు నేనే ఆపాను, మళ్ళీ వేయడం మర్చిపోయాను. మరి క్యాంప్ వెర్డేలో లైట్లు ఎలా వెలిగాయి? ట్రైలర్లో కరెంటు రెండు రకాలు. ఏసీ, మైక్రోవేవ్, గోడ ప్లగ్గులు 120 వోల్టులవి. లైట్లు, నీళ్ళ పంపు, గది వెచ్చబెట్టే హీటర్ ఫ్యాను, ఫ్రిజ్ బోర్డు 12 వోల్టులవి. పెడెస్టల్‌కి తగిలిస్తే కన్వర్టర్ 120ని 12గా మార్చి లైట్లకి ఇచ్చేస్తుంది, బ్యాటరీ ఊసు మనకి రాదు. మా స్విచ్ ఆఫ్‌లో ఉన్నందువల్ల ఆ రాత్రంతా బ్యాటరీకి ఒక్క చుక్క చార్జి ఎక్కలేదు.

స్విచ్ వేశాను, లైట్లొచ్చాయి. ఇంతేగా అనుకుని యవపాయ్ పాయింట్‌కి పోయి సూర్యాస్తమయం చూశాం. అమ్మ కాన్యన్ అంచున రెయిలింగ్ పట్టుకుని అరగంట మాట్లాడలేదు. మా ఇంట్లో అది రికార్డు.

రాత్రి రెండింటికి కీచుమని ఒక శబ్దం, నిమిషానికోసారి. గ్యాస్ అలారం. గ్యాస్ లీకేమోనని తలుపులన్నీ తీశాం. ఆ ఎత్తు 7,000 అడుగులు, బయట నాలుగు డిగ్రీలుంది. తీరా చూస్తే గ్యాస్ కాదు, వోల్టేజీ తగ్గిందని ఆ అలారం మొర. హీటర్ ఫ్యాను ఆగిపోయి ఉంది. మల్టీమీటర్‌తో చూస్తే బ్యాటరీ 11.5 వోల్టులు. నిండుగా ఉంటే 12.6 ఉండాలి, 12.1 అంటే సగం అయిపోయినట్టు. 80 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో మనం వాడుకోదగ్గది సగమే. హీటర్ ఫ్యాను ఒక్కటే ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది, చలి రాత్రి సగంసేపు తిరిగినా పొద్దుటికి 30 అయిపోతాయి. నిండు బ్యాటరీకే అది బొటాబొటి, మాదేమో సగం ఖాళీది. నలుగురం రగ్గుల్లో దూరాం, నాన్న మంకీ క్యాప్ పెట్టుకుని లెక్కలు చెప్పారు.

ట్రక్‌కి కలిపి ఇంజన్ నడిపితే చార్జి ఎక్కుతుంది గానీ ఆ సన్నటి వైరు గుండా నత్తనడకే. మేథర్‌లో జనరేటర్‌కి పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపే అనుమతి. పైన్ లూప్ అనే సైట్ల వరసలో అదీ లేదు, మాది వేరే లూప్ కావడం అదృష్టం. పొద్దున్నే పొరుగాయన జనరేటర్ అరువిచ్చాడు, మర్నాటి రాత్రి గడిచింది. ఫెసిలిటీలు తక్కువైనా మేథర్‌నే నేను ఎక్కువ ఇష్టపడ్డాను: పైన్ చెట్లు, పొద్దున్నే సైటులోకి నడిచొచ్చే ఎల్క్‌లు (పెద్ద జింకలు), మొదటి పార్కు అద్దెలో సగం కూడా లేని రేటు. పసిపిల్లలూ పెద్దవాళ్ళూ ఉంటే మాత్రం పక్కనే ఉన్న ట్రైలర్ విలేజ్ నయం, అక్కడ నీళ్ళు, డ్రైనేజీ, కరెంటు మూడూ ఉన్నాయి.

మూడో మజిలీకి కామెరన్ మీదుగా పేజ్ అనే ఊరికి వెళ్ళి, లేక్ పావెల్ ఒడ్డున వావీప్ క్యాంప్‌గ్రౌండ్‌లో రెండు రాత్రులున్నాం. దారిలో నవాహో నేషన్‌లోకి (నవాహో ఆదివాసీల సొంత పాలనలో ఉన్న ప్రాంతం) రాగానే ఫోన్లో గడియారం గంట ముందుకి దూకింది. వాళ్ళు వేసవిలో గడియారం మారుస్తారు, మిగతా అరిజోనా మార్చదు. నది గుర్రపు నాడా ఆకారంలో తిరిగే హార్స్‌షూ బెండ్‌ని చూడ్డానికి టైం చూసుకుని బయల్దేరాలి.

వావీప్‌లో మీటర్ 121 చూపించింది. నాన్న రెండుసార్లు చూశారు. ఏసీ వేశాం, ఫ్రిజ్ వేశాం, అమ్మ రైస్ కుక్కర్ పెడితే వంటింటి ప్లగ్ పనిచేయలేదు. నాన్న బ్రేకర్లన్నీ ఒక్కొక్కటీ ఆపి వేశారు, ఫ్యూజులు తీసి చూశారు. అరగంటైంది. బాత్రూంలో పళ్ళు తోముకుంటున్న పాప, "తాతయ్యా, ఈ బటన్ బయటికొచ్చింది, నొక్కనా?" అంది. నొక్కింది. కుక్కర్ లైటు వెలిగింది. అది బాత్రూం సాకెట్ మీది రక్షణ బటన్. వంటింటి ప్లగ్గూ, బయటి ప్లగ్గూ ఆ బాత్రూం సాకెట్ వెనకే వరసగా ఉన్నాయి. ముందురోజు బయటి ప్లగ్ మీద నీళ్ళ పైపు చిమ్మింది నేనే. వాటిలో ఎక్కడ తడి తగిలినా షాక్ కొట్టకుండా ఆ బటనే ఎగిరి మిగతావన్నీ ఆపేస్తుంది.

అక్టోబర్‌కి ట్రైలర్ విలేజ్‌లో బుక్ చేశాను. బ్యాటరీ మార్చాను, స్విచ్ పక్కన ఎర్ర టేపు అంటించాను. నాన్న అప్పటికి గుంటూరులో ఉంటారు. ప్లగ్ పెట్టగానే మీటర్ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపమన్నారు.