జావాస్క్రిప్ట్‌తో పదకొండేళ్లు: కర్నూలు ఉల్లి మండీ లెక్కల్లో తేలినవి

"ఏం నాయనా, నేను తెచ్చింది పదైదు మూటలే కదా. నూట ఇరవై మూడింటికి హమాలీ ఎట్లా పట్టినావు?"

కోడుమూరు వైపు నుంచి వచ్చిన పెద్దాయన చీటీ నా చేతిలో పెట్టి అడిగాడు. కర్నూలు మార్కెట్ యార్డులో ఒక ఉల్లి మండీకి నేను రాసిచ్చిన మొదటి బిల్లింగ్ ప్రోగ్రాం అది. గుమాస్తా మూటల లెక్క రెండు గడుల్లో ఎక్కించాడు. ఒకదాంట్లో 12, ఇంకోదాంట్లో 3. దాన్ని రాసింది బ్రౌజర్లో నడిచే జావాస్క్రిప్ట్ భాషలో. గడిలో టైపు చేసింది ఆ భాష చేతికి అంకెగా రాదు, అక్షరాలుగా వస్తుంది. అక్షరాలు కనబడితే ప్లస్ గుర్తు కూడదు, పక్కపక్కన అతికిస్తుంది. 12 పక్కన 3 పెడితే 123. అక్కడే మైనస్ గుర్తు పెడితే మాత్రం బుద్ధిగా 9 అంటుంది. నేను తీసివేతలే సరిచూసి, కూడికలు కూడా బాగున్నట్టే అనుకున్నాను. ఎక్కువ కోసిన డబ్బు అప్పటికప్పుడే ఇప్పించాం గానీ, ఆయన అడగకపోయి ఉంటే ఏమయ్యేదన్న టెన్షన్ చాలా రోజులు వదల్లేదు.

ఈ భాషలో నాకు నచ్చనిది ఇదొక్కటే. ఆగాల్సిన చోట ఆగదు. లెక్క అర్థం కాకపోయినా ఏదో ఒక జవాబు చెప్పేస్తుంది. ప్రోగ్రాం ఆగిపోతే గుమాస్తా వెంటనే ఫోన్ చేస్తాడు. తప్పు జవాబుతో నడిచిపోతే రైతు జేబుకు చిల్లు పడేదాకా ఎవరికీ తెలియదు.

వరసగా పేర్చే సార్ట్ సంగతీ అంతే. ఒక లాటుకు వచ్చిన ధరలు 950, 1200, 1050, 800. చిన్న దాని నుంచి పెద్దదానికి పేర్చమంటే 1050, 1200, 800, 950 అని పేర్చింది. అంకెలను కూడా అక్షరాలుగా మార్చి మొదటి అక్షరం నుంచి పోలుస్తుంది కాబట్టి 1 ముందు, 9 వెనక. చివరిదే పెద్ద ధర అని నమ్ముకున్న స్క్రీను మీద 1200 ఉండాల్సిన చోట 950 కనబడింది. ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి పోల్చమని సార్ట్‌కు మనమే చెప్పాలి. అప్పటి నుంచి అలా పోల్చే చిన్న ఫంక్షన్, అంటే చిన్న కోడు ముక్క, లేకుండా నేను సార్ట్ రాసింది లేదు.

పైసల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 రావడం ఈ భాష ఒక్కదాని తప్పు కాదు, వేరే భాషలైన పైథాన్‌లోనూ జావాలోనూ మామూలు దశాంశాలకు అదే వస్తుంది. అందుకని డబ్బంతా పైసల్లోనే, పూర్ణాంకాలుగా దాచుకోమంటారు. మంచి మాటే. కానీ రూపాయలను పైసలుగా మార్చే చోటే గొయ్యి ఉంది. 4.35ని 100తో గుణిస్తే 434.99999999999994 వస్తుంది. దశాంశం తర్వాతది కొట్టేశారా, పైసా పోయినట్టే. రౌండ్ చేయాలి, కొట్టేయకూడదు.

ఇలాంటివి ఇన్నేళ్లయినా ఎందుకు సరిచేయలేదని మా దగ్గరికి పని నేర్చుకోను వచ్చే పిల్లలు అడుగుతుంటారు. 1995లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీలో బ్రెండన్ ఐక్ ఈ భాష మొదటి రూపాన్ని పది రోజుల్లో తయారు చేశాడు. ఆ తొందరలో మిగిలిపోయిన తప్పుల మీద ఆధారపడి లెక్కలేనన్ని పేజీలు పుట్టాయి. 'ఏమీ లేదు' అనడానికి వాడే 'నల్' రకం ఏమిటని అడిగితే 'ఆబ్జెక్ట్' అని చెప్పే తప్పును సరిచేద్దామని ప్రతిపాదన కూడా వచ్చింది, పాత పేజీలు పాడవుతాయని ఒప్పుకోలేదు. నాకు ఆ నిర్ణయమే సబబనిపిస్తుంది. నేను పదేళ్ల కిందట రాసిన తూకం పేజీ ఒక్క అక్షరం మార్చకుండా ఈ రోజుకీ నడుస్తోందంటే ఆ పట్టుదల వల్లే. పైగా ఏ పాత కంప్యూటర్ అయినా, ఏ ఫోన్ అయినా బ్రౌజర్ ఉంటే చాలు. 1234567ని మన పద్ధతిలో 12,34,567 అని చూపించే ఏర్పాటు కూడా భాషలోనే ఉంది. మండీకి ఇంతకంటే ఏం కావాలి?

ఏది అంకె, ఏది అక్షరాలు అని రాసేటప్పుడే సరిచూసే టైప్‌స్క్రిప్ట్‌కు మారితే అన్నీ పోతాయంటారు, అన్నీ పోవు. మూటల గడి గొడవను అది రాసేటప్పుడే పట్టించేది. సార్ట్ దగ్గర మాత్రం నోరెత్తదు. నెలలు సున్నా నుంచి మొదలవడం గురించీ అంతే, 10 అని రాస్తే నవంబరు అవుతుంది. అందుకే నేను కూడిక, సార్ట్, పైసలు, తేదీ నాలుగింటినీ ఒకే ఫైల్లో నా సొంత ఫంక్షన్లుగా రాసి పెట్టుకున్నాను. మిగతా ప్రోగ్రాం ఎక్కడా భాష ఇచ్చినవాటిని నేరుగా ముట్టుకోదు.

ఆ ఫైల్లో చివరగా చేరింది తేదీ. ఉల్లి లారీలు తెల్లవారుజామునే దిగుతాయి. నాలుగింటికి ఎక్కించిన సరుకు నిన్నటి పద్దులో పడుతోందని గుమాస్తా చెబితే మొదట నమ్మలేదు, ఎందుకంటే నేను పగలు చూసినప్పుడల్లా సరిగ్గానే ఉంది. తేదీ కోసం నేను వాడిన 'టు ఐఎస్ఓ స్ట్రింగ్' మన టైం చెప్పదు, ప్రపంచమంతటికీ ప్రమాణమైన యూటీసీ టైం చెబుతుంది. మనం దానికంటే ఐదున్నర గంటలు ముందు. అంటే అర్ధరాత్రి నుంచి ఐదున్నర దాకా దానికి ఇంకా నిన్నే. ఇప్పుడు సంవత్సరం, నెల, రోజు విడివిడిగా మన టైం ప్రకారం అడిగి, నెలకు ఒకటి కలిపి తేదీ కడుతున్నాను. కొత్త ప్రోగ్రాం ఏది ఇచ్చినా ముందు కంప్యూటర్ గడియారం నాలుగున్నరకు తిప్పి, ఒక లారీ ఎక్కించి చూస్తాను.