ఉచిత ఆపరేషన్లకు విదేశం వెళ్లాలంటే: పది రోజుల బృందమా, ఆసుపత్రి ఓడా?

ఆఫ్రికాకు వెళ్లి ఉచిత శస్త్రచికిత్సల్లో పాలుపంచుకోవాలంటే ఏ దారిలో వెళ్లడం మేలని నల్లగొండలోను, పాలమూరులోను పనిచేస్తున్న మత్తు డాక్టర్లు, థియేటర్ నర్సులు ఏడాదికాలంగా నన్ను అడుగుతున్నారు. ప్రశ్న ఇంచుమించు ఒకే మాటల్లో ఉంటుంది: "సార్, పదిహేను రోజుల సెలవు దొరుకుతది, ఎటు పోతే మంచిగుంటది?" పది రోజుల బృందంతో ఒకసారి, ఆసుపత్రి ఓడ మీద ఒకసారి పనిచేసి వచ్చిన మత్తు డాక్టరుగా నా అభిప్రాయం రాస్తున్నాను.

బృందాల పద్ధతి చాలామందికి తెలిసిందే. మందుల పెట్టెలతో సహా విమానం దిగి, అక్కడి జిల్లా ఆసుపత్రిలో రెండు మూడు టేబుళ్లు వేసుకొని, గ్రహణం మొర్రి, హెర్నియా, కాలిన గాయాలతో బిగుసుకుపోయిన చేతులు, మెడలు పొద్దున్నుంచి రాత్రి దాకా చేసి తిరుగు విమానం ఎక్కుతారు. 1982లో ఫిలిప్పీన్స్‌లో మొదలైన ఆపరేషన్ స్మైల్ అనే సంస్థ ఈ పద్ధతికి పేరు తెచ్చింది; మన దేశపు రోటరీ క్లబ్బులు కూడా ఆఫ్రికా దేశాలకు ఇటువంటి బృందాలను పంపుతుంటాయి. సెలవుకు సరిగ్గా సరిపోతుంది, వసతి, భోజనం తరచు నిర్వాహకులే చూసుకుంటారు, దిగిన మర్నాటి నుంచే చేతినిండా పని ఉంటుంది.

నా మటుకు తేల్చుకోవలసిన ప్రశ్న ఒక్కటే: మనం వచ్చేశాక ఆ కట్టు ఎవరు విప్పుతారు? మొదటిసారి వెళ్లినప్పుడు తొమ్మిదేళ్ల పాపను టేబుల్ మీదికి తెచ్చారు. కిరోసిన్ మంటకు కాలిన మెడ మానేటప్పుడు ముడుచుకొని గడ్డం ఛాతీకి అతుక్కుపోయింది. తల వెనక్కి వాలదు కాబట్టి గొంతులోకి ట్యూబు మామూలుగా దిగదు. కెటమిన్ అనే మత్తుమందు ఇచ్చి, పాప తనంతట తాను ఊపిరి తీసుకుంటుండగానే, సర్జన్ మచ్చ చుట్టూ మత్తు సూది వేసి కొంత కోసి వదులు చేశాక తల నాలుగు వేళ్ల మేర లేచింది. అప్పుడుగానీ ట్యూబు వేయలేకపోయాను. తొడ చర్మం తీసి మెడకు అతికారు. ఐదో రోజు కట్టు విప్పి చూస్తే చర్మం చక్కగా పట్టింది, ఎనిమిదో రోజు మేము బయలుదేరాము. అతికిన చర్మం నెలల తరబడి ముడుచుకుంటూనే ఉంటుంది కాబట్టి అన్నాళ్లూ మెడపట్టీ వాడాలి, రోజూ మెడను సాగదీసే వ్యాయామం చేయించాలి. మేము ఆ తల్లి చేతికి ఇచ్చి వచ్చింది ఒక స్పాంజి పట్టీ, దుబాసీ చెప్పిన నాలుగు మాటలు. ఐదు నెలలకు అక్కడి నర్సు వాట్సాప్‌లో పంపిన ఫొటోలో పాప గడ్డం మళ్లీ కిందికి దిగి ఉంది. పట్టీ చినిగిపోతే ఇంకొకటి ఇచ్చే దిక్కు లేదట.

ఆ తల్లిని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు, ఎందుకంటే ఇక్కడా అదే చూస్తున్నాను. దేవరకొండ అవతలి తండా నుంచి వచ్చిన మనిషిని వారం వారం కట్టుకు రమ్మంటే, బస్సు కిరాయికి తోడు వెంట వచ్చినవారి కూలి కూడా పోతుంది. కుట్లు విప్పకముందే పుణె, ముంబయి పనులకు వెళ్లిపోయే పాలమూరు కూలీల సంగతి సరేసరి. 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నం కుటుంబ నియంత్రణ శిబిరంలో ఒకేరోజు 34 మందికి ఆపరేషన్లు చేయగా నలుగురు తల్లులు చనిపోయారు. శిబిరాన్ని చేసిన కేసుల లెక్కతో కొలవడం ఎంత ప్రమాదమో మన జిల్లాల డాక్టర్లకు వేరే చెప్పనక్కరలేదు.

ఆపరేషన్ తర్వాత రోగిని చూసుకునే ఈ ఒక్క చోటే ఓడ గెలుస్తుంది. క్రైస్తవ విశ్వాసం పునాదిగా 1978లో ఏర్పడిన మెర్సీ షిప్స్ సంస్థకు ఇప్పుడు రెండు ఓడలున్నాయి: ఒకప్పుడు డెన్మార్క్‌లో రైళ్లను దాటించిన పడవను మార్చి చేసిన ఆఫ్రికా మెర్సీ, ఆసుపత్రిగానే కట్టించిన 174 మీటర్ల గ్లోబల్ మెర్సీ. రెండోదానిలో ఆరు థియేటర్లున్నాయి. ఓడ ఒక రేవులో ఆగితే చాలాసార్లు పది నెలల దాకా అక్కడే ఉంటుంది. నేనున్నది రెండు వారాలే అయినా, నేను మత్తు ఇచ్చిన పిల్లలకు కట్టు మార్చే నర్సు, వ్యాయామం చేయించే ఫిజియోథెరపిస్టు నా తర్వాత కూడా అక్కడే ఉన్నారు; దూరపు ఊళ్ల వారు కోలుకునే దాకా ఉండడానికి ఒడ్డున వసతి గృహం ఉంది. వంకర కాళ్లు సరిచేయించుకొని పిండికట్లతో వరుసగా పడుకున్న పిల్లలను చూసినప్పుడు మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లకు కాళ్లు వంగిపోయిన పిల్లలు గుర్తొచ్చారు. కారణం వేరైనా, ఎముక కోసి నిలబెట్టాక వారాల తరబడి నడక నేర్పవలసిన పని ఒకటే.

లోపాలు లేవని కాదు. ప్రయాణం ఖర్చులు స్వచ్ఛంద సేవకులే పెట్టుకోవాలి. ఇరుకు గదిలో కొత్తవారితో సర్దుకోవాలి, పచ్చిపులుసు ఊసే ఉండదు. తొక్కు సీసా ఒకటి వెంట ఉంచుకోవడం మంచిది. ఆశతో వచ్చినవారిలో చాలామందిని పరీక్షించి వెనక్కి పంపవలసి వస్తుంది. ఓడ కూడా ఏదో ఒకరోజు కదిలిపోయేదే. ప్రపంచానికి ఏటా మరో 14.3 కోట్ల ఆపరేషన్లు కావాలని 2015లో లాన్సెట్ వైద్య పత్రిక వేసిన కమిషన్ లెక్కగట్టింది. ఆ లోటు ఓడలతో తీరేది కాదు గనుక, అక్కడి మత్తు నర్సు పక్కన నిలబడి నేర్పడానికి వీలు దొరికే చోటునే ఎంచుకోవాలి. ఆ వీలు పది రోజుల హడావుడిలో నాకు దొరకలేదు, ఓడ మీద కొంత దొరికింది.

మిగిలిన దారులు క్లుప్తంగా చెబుతాను. 1971లో పుట్టిన ఎం.ఎస్.ఎఫ్. (డాక్టర్స్ వితౌట్ బార్డర్స్ అనే వైద్య సేవా సంస్థ) జీతభత్యాలు ఇస్తుంది, ఖర్చులు భరిస్తుంది, కానీ అక్కడ యుద్ధ గాయాలు, సిజేరియన్లు ఎక్కువ. పదిహేను రోజుల సెలవుతో అయ్యే పని కాదు, ఫ్రెంచ్ వస్తే అవకాశం పెరుగుతుంది. ఉద్యోగానికి నెలల తరబడి విరామం ఇవ్వగలిగితే దానినే ఆలోచించవచ్చు. విమానంలోనే థియేటరు నడిపే ఆర్బిస్ కంటి డాక్టర్ల శిక్షణ కోసం ఉన్నది. స్మైల్ ట్రెయిన్ సంస్థ గ్రహణం మొర్రి ఆపరేషన్లకు స్థానిక సర్జన్లకే నిధులిస్తుంది, అందుకోసం విదేశం వెళ్లే పనే లేదు.

బృందంతోనే వెళ్లక తప్పని వారు బయలుదేరే ముందు నిర్వాహకులను రెండు సంగతులు అడిగి రాతపూర్వకంగా తీసుకోవాలి: ఆరో వారంలో రోగిని చూసే స్థానిక డాక్టరు ఎవరు, రోగి రాకపోకల ఖర్చు ఎవరిది. ఎటు వెళ్లినా ఎల్లో ఫీవర్ సూది హైదరాబాద్ నారాయణగూడలోని ఐ.పి.ఎం. (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో ముందుగానే వేయించుకోవాలి. సర్టిఫికెట్ పదో రోజు నుంచి గానీ చెల్లదు, ఆ జ్వరం ఉన్న దేశం నుంచి అది లేకుండా తిరిగివస్తే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు, మిగిలిన సెలవు అక్కడే అయిపోతుంది.