సింహాచలం గిరి ప్రదక్షిణ దారిలోని సేవా శిబిరాలు: ఒక రోజు నడకలో చూసినవి

ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు మా మేనత్తతో కలిసి సింహాచలం గిరి ప్రదక్షిణ చేసి వచ్చాను. కొండ చుట్టూ 32 కిలోమీటర్లు సాగే ఈ దారిలో కాలనీవాసులు, యువజన సంఘాలు, దుకాణదారులు, ఒక్కోచోట ఒకే కుటుంబం సొంత ఖర్చుతో నడిపే సేవా శిబిరాలే నడిచేవారికి ఆధారం. అందువల్ల, వచ్చే ఏడాది నడవాలనుకునేవారికి పనికొస్తుందని ఆ శిబిరాల గురించి మాత్రమే రాస్తున్నాను. కొండమీది దర్శనం ఏర్పాట్ల జోలికి వెళ్లడం లేదు.

ఆషాఢ పౌర్ణమి నాడు కొండమీది వరాహ లక్ష్మీనరసింహస్వామికి, అంటే మన అప్పన్నకు, ఆ ఏటి నాలుగో విడత, అంటే చివరి విడత చందన సమర్పణ జరుగుతుంది. దానికి ముందురోజు మధ్యాహ్నం దాటాక పుష్పరథం బయలుదేరుతుంది కనుక, ఎక్కువమంది సాయంత్రం మొదలుపెట్టి రాత్రంతా నడుస్తారు. ఇది 11వ ప్రదక్షిణ అయిన మా అత్త మాత్రం తెల్లవారుజామున 4 గంటలకే కొండ దిగువన మొదటి మెట్టయిన తొలిపావంచా దగ్గర నాచేత కొబ్బరికాయ కొట్టించింది. ‘రోడ్డు కాలకముందే సముద్రం కాడికి ఎలిపోవాల, ఆనక ఎంతసేపైనా పర్లేదు’ అన్న ఆమె లెక్క ఎంత సరైనదో, చెప్పులు లేకుండా నడిచాక గాని నాకు తెలియలేదు.

అడవివరం దాటి ముడసర్లోవ మీదుగా హనుమంతవాక చేరేవరకు తిండికి కొదవ లేదు. పులిహోర, ఉప్మా, అరటిపళ్లు, బిస్కెట్లు వద్దన్నా చేతిలో పెడుతున్నారు. ఆ ప్రేమను తప్పుపట్టలేను. కానీ అప్పుడే నడక మొదలుపెట్టినవారికి ఆకలి ఉండదు కాబట్టి సగం తిన్న విస్తళ్లు రోడ్డు మీదికి చేరుతున్నాయి. ఒక శిబిరం ముందు పులిహోర మీద కాలు జారి ఒక పెద్దావిడ మోకాలు కొట్టుకుంది. రెండు పెద్ద డ్రమ్ములు పెట్టి, ఒక మనిషిని నిలబెట్టి ఉంటే అది జరిగేది కాదు. మేము మాత్రం మజ్జిగ దగ్గర ఆగాం. అల్లం, కరివేపాకు దంచి కలిపి, ఉప్పు కాస్త ఎక్కువగానే వేసిన ఆ పలచని మజ్జిగ ఆ పూటకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది.

విశాలాక్షినగర్ దాటి జోడుగుళ్లపాలెం వైపు దిగుతుంటే సముద్రపు గాలి ముందు తగులుతుంది, నీళ్లు తర్వాత కనిపిస్తాయి. కొండ చుట్టూ తిరిగే ప్రదక్షిణలో సముద్రస్నానం కూడా దొరకడం ఈ క్షేత్రానికే ఉన్న భాగ్యమని నేను నమ్ముతాను. అప్పుఘర్ దగ్గర తాళ్లు కట్టి, గజ ఈతగాళ్లను ఉంచారు. వాళ్లు విసుగన్నది లేకుండా, నడుము లోతు దాటినవారినల్లా ఈల వేసి వెనక్కి రప్పించారు. వేలమంది ప్రాణాలు కనిపెట్టుకుని ఎండలో నిలబడ్డ ఆ కుర్రాళ్లకు మనస్ఫూర్తిగా దండం పెడుతున్నాను. అయితే, తడిసిన చీరలతో ఒడ్డుకు వచ్చిన ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి కట్టిన తెరలు చాలా తక్కువ. మరుగుదొడ్ల ముందు మేము ముప్పావు గంట నిలబడ్డాం. ఈ దారిలో నాకు బాధ కలిగించిన అతి పెద్ద లోపం ఇదే. నీళ్లు తాగితే మళ్లీ ఎక్కడికి వెళ్లాలో తెలియక, దాహంతోనే నడుస్తున్నామని చెప్పిన ఆడవాళ్లు నాకు ఇద్దరు ముగ్గురు తారసపడ్డారు.

స్నానం చేశాక చేయవలసిన పని ఒకటి మా అత్త దగ్గర నేర్చుకున్నాను. ఆమె రోడ్డు పక్కన కూర్చుని, సంచిలోంచి పాత నూలు తువ్వాలు తీసి, కాలివేళ్ల సందుల్లో ఒక్క ఇసుక రేణువు లేకుండా తుడుచుకుని, తువ్వాలు నాకిచ్చింది. ఇసుక అంటిన తడికాలితో తారు మీద నడిస్తే, కొంతదూరం పోయేసరికి బొబ్బలు ఖాయం. ఆ ఒడ్డున మంచినీళ్ల కుళాయి, పొడిగుడ్డలు పెట్టిన శిబిరం ఒక్కటైనా ఉంటే ఎంతమంది పాదాలు నిలుస్తాయో!

ఎంవీపీ కాలనీ, ఇసుకతోట, సీతమ్మధార మీదుగా సాగిన నడక సాఫీగానే గడిచింది. ఆ కాలనీల వాళ్లు గొట్టాలతో రోడ్డు తడుపుతూనే ఉన్నారు. ఎండ ముదిరాక మాధవధారలో ఒక శిబిరంలో నడుం వాల్చాం. అక్కడ కర్పూరం వేసి కాచిన కొబ్బరినూనెతో ఒక అమ్మాయి మా అత్త పాదాలు ఒత్తింది. ‘వద్దు తల్లీ, నా కాళ్లు పట్టుకోకు’ అని అత్త వెనక్కి తీసుకోబోతే, ‘మీరు అప్పన్న కోసం నడిచొచ్చిన కాళ్లు కదండీ’ అని ఆ అమ్మాయి వదల్లేదు. దారి మొత్తంలో నేను చూసిన అత్యుత్తమ సేవ అదే.

మూడున్నరకు మళ్లీ లేచి ఎన్‌ఏడీ కూడలి దాటాక, గోపాలపట్నం దారిలో పరిస్థితి తిరగబడింది. ఒంట్లో సత్తువ అయిపోయి, మంచినీళ్లు, ఉప్పు కలిపిన నిమ్మరసం, నొప్పి మందు నిజంగా కావలసిన ఆ చోట శిబిరాలు పలచబడ్డాయి. ఉన్నవాటిలో రెండు రాత్రి రద్దీ కోసం అప్పుడే పందిరి వేసుకుంటున్నాయి. వచ్చే ఏడాది సేవ చేయదలచినవారు అడవివరం వైపు మరో పులిహోర గంగాళం పెట్టే బదులు గోపాలపట్నం దారిలో పగటిపూట నీళ్లు, నూనె పెట్టాలని వేడుకుంటున్నాను. పగలు నడిచేవారు మాత్రం నిమ్మకాయలు, ఉప్పు పొట్లం, నూలు తువ్వాలు సొంతంగా తెచ్చుకోవాలి.

మేము ఏడు గంటలకు తొలిపావంచా చేరేసరికి రాత్రి నడకవాళ్లు కొబ్బరికాయలు కొడుతూ ఇంకా బయలుదేరుతూనే ఉన్నారు. మా అత్త మెట్టుకు దండం పెట్టి, ఇంకా తడి ఆరని తన తువ్వాలును ఎదురొచ్చిన ఒక కొత్త పిల్ల చేతిలో పెట్టి, సముద్రం దగ్గర ఏం చేయాలో చెప్పడం మొదలుపెట్టింది.