జిన్నింగు మిల్లు సర్వర్‌కు రెస్టిక్: రీస్టోర్ చేసి చూస్తే తేలే సంగతులు

ఆదోని వైపు పత్తి నుంచి గింజ వేరుచేసే జిన్నింగు మిల్లుల్లో లారీలు తూచే కాటా సాఫ్ట్‌వేర్, లెక్కలు రాసే టాలీ రెండూ తరచుగా ఒకే విండోస్ మిషన్ మీద నడుస్తుంటాయి. పత్తి సీజన్లో అది పడుకుంటే లారీలు గేటు దగ్గరే ఆగిపోతాయి. అలాంటి చోట రెస్టిక్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌ను ఏళ్లుగా వాడుతున్నాం. బ్యాకప్ తీయడంలో దానికి వంక పెట్టలేం: మారిన ముక్కలే పంపుతుంది, ఎన్‌క్రిప్ట్ చేసి దాస్తుంది, లైసెన్స్ ఖర్చు లేదు. అసలు పరీక్షంతా రీస్టోర్ దగ్గరే, అంటే దాచిన డేటాను తిరిగి తెచ్చుకోవడంలో.

'చెక్' కమాండ్‌లో తప్పుల్లేవని రాగానే నిశ్చింతగా ఉండకండి. మామూలు చెక్ రిపాజిటరీ (బ్యాకప్ దాచే చోటు) అమరికను చూస్తుందే గానీ లోపలి డేటా మొత్తాన్ని చదవదు. డేటాను భాగాలుగా చదివించే 'రీడ్-డేటా-సబ్‌సెట్' ఆప్షన్‌కు వారానికొకటి చొప్పున 1/4, 2/4 అని ఇస్తూ పోతే నాలుగు వారాల్లో అంతా చదువుతుంది. అప్పుడు కూడా ఫైళ్లు చెడలేదనే తెలుస్తుంది, డేటాబేస్ తెరుచుకుంటుందని కాదు. కాటా డేటాబేస్‌ను నడిపే ఎస్‌క్యూఎల్ సర్వర్ పనిలో ఉన్నప్పుడు దాని ఫైళ్లు లాక్‌లో ఉంటాయి కాబట్టి, ముందు దానిచేతే బ్యాకప్ ఫైలు తీయించి ఆ ఫైలును రెస్టిక్‌కు ఇవ్వాలి. దాని ఉచిత ఎక్స్‌ప్రెస్ ఎడిషన్లో టైముకు పనులు నడిపే ఏజెంట్ ఉండదు, విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టుకోవాలి.

పరీక్షకు వేరే పీసీ కావాలి, నెట్‌వర్క్ కేబుల్ పీకేసి. లేకపోతే రీస్టోరైన సాఫ్ట్‌వేర్ అసలు డేటాబేస్‌కే కనెక్టయి, అంతా బాగుందనిపిస్తుంది. ఖాళీ ఫోల్డర్లోకి, వచ్చిన ఫైళ్లను సరిచూసే 'వెరిఫై' ఆప్షన్‌తో రీస్టోర్ చేసి, డేటాబేస్ ఎక్కించి, అది చెడిందేమో చూసే చెక్‌డీబీ కమాండ్ నడపాలి. చివరి కాటా చీటీ నంబరు, బరువు కాగితం మీది చీటీతో కలవాలి. టాలీలో చివరి వోచరు, ట్రయల్ బ్యాలెన్సు చూడాలి.

ఎక్కువసార్లు చిక్కొచ్చేది ఇక్కడ కాదు, కాటా బరువును చూపించి పీసీకి పంపే ఇండికేటర్ దగ్గర. దాన్ని పీసీకి కలిపే యూఎస్‌బీ కన్వర్టర్‌ను కొత్త పీసీకి తగిలిస్తే కామ్ పోర్టు నంబరు మారిపోతుంది, తెర మీద బరువు రాదు. పోర్టు నంబరు, దాని సెట్టింగులైన బాడ్ రేటు, ప్యారిటీ కాగితం మీద రాసి ఉంచాలి. రెస్టిక్ ఫైళ్లనే తెస్తుంది. విండోస్, డ్రైవర్లు, ప్రింటరు, టాలీ లైసెన్స్ మళ్లీ మన పనే. టాలీ సీరియల్ నంబరు, దానికిచ్చిన ఈమెయిల్ కూడా అదే కాగితం మీద ఉండాలి.

టైము కొలవాలి. కాటా ఫొటోలతో కలిపి 200 జీబీ ఉందనుకుంటే, 100 ఎంబీపీఎస్ లైను నిండా వాడినా క్లౌడ్ నుంచి దించడానికి నాలుగున్నర గంటలు. సెకనుకు 100 ఎంబీ చదివే యూఎస్‌బీ డిస్కు నుంచైతే అరగంట దాటుతుంది, చిన్న ఫైళ్లు ఎక్కువైతే ఇంకా. అందుకే క్లౌడ్ ఒక్కటే చాలదు, మిల్లులోనూ ఒక కాపీ ఉంచి, బ్యాకప్ కాగానే డిస్కు ఊడదీయాలి.

పాస్‌వర్డ్ పోతే రెస్టిక్ డేటా ఎవరూ తెరవలేరు. యజమాని లాకర్లో దాచిన చీటీ చూసి టైపు చేయడంతోనే పరీక్ష మొదలుపెట్టాలి, అదీ సెటప్ చేసినవాళ్లు కాకుండా వేరేవాళ్లు. సీజనుకు ముందు సెప్టెంబరు మంచి నెల. జీఎస్టీ రిటర్నులుండే 10 నుంచి 20వ తేదీ మధ్య అకౌంటెంటును అడక్కండి.