దెయ్యం వైపే మా అప్ప: హిందీ 'డార్లింగ్' (2007)

రామ్ గోపాల్ వర్మ హిందీలో తీసిన 'డార్లింగ్' విజయనగరంలో మా ఇంట్లోనే అప్పతో (అక్కతో) కలిసి చూశాను. ఆఫీసులో సెక్రటరీ గీతగా ఈషా దేవోల్, ఇంట్లో భార్యగా ఇషా కొప్పికర్, ఇద్దరి మధ్యా ఫర్దీన్ ఖాన్. గొడవలో గీత ప్రాణం పోతుంది, దెయ్యమై అతని వెంట పడుతుంది.

భయం కన్నా అతని కంగారే నాకు నచ్చింది. ఎదురుగా పెళ్ళాం, పక్కన ఆవిడకి కనపడని దెయ్యం! పడీపడీ నవ్వాం. కానీ ఏ పాపం తెలీని ఆ భార్య బాధకి ఇంకాస్త చోటివ్వాల్సింది.

మా అప్పకి మాత్రం గీతంటేనే జాలి. "ఆ పిల్లేటి సేసిందే? తప్పు ఆడిది కదేటి!" అంది. తప్పు అతనిదేనని నేనూ అంటాను. ఫర్దీన్ బెదురు చూపులు బాగా కుదిరాయి. పిల్లలు పడుకున్నాక చూడండి.