పాత ఎం5 సెడాన్: ధర దిగింది, రిపేరు ఖర్చు దిగలేదు

2005 నుంచి 2010 వరకు వచ్చిన బీఎండబ్ల్యూ ఎం5, అంటే కారు ప్రియులు ఈ60 అని పిలిచే తరం, ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో కొత్తప్పటి ధరలో చిన్న వంతుకే దొరుకుతోంది. అంత తక్కువకు అంత కారు దొరుకుతుంటే ఆశ పుట్టడం సహజమే. అయితే దాని స్పేర్ పార్టుల ధర మాత్రం ఖరీదైన కొత్త కారు స్థాయిలోనే ఉంది కనుక, కొన్న ధరకు ఎంత సంతోషించినా మొదటి రెండేళ్లలో ఖర్చు తడిసి మోపెడయ్యే అవకాశం ఎక్కువ.

ముందుగా దాని గొప్పతనం ఒప్పుకోవాలి. 4,999 సీసీల పది సిలిండర్ల ఇంజన్ 507 హార్స్‌పవర్ ఇస్తూ 8,250 ఆర్‌పీఎం వరకు తిరుగుతుంది. స్టార్ట్ చేయగానే అది 400 హార్స్‌పవర్‌కే పరిమితమై ఉంటుంది. మిగిలిన బలం కావాలంటే బటన్ నొక్కాలి. నలుగురు కూర్చుని, సామాను పెట్టుకుని వెళ్లగలిగే సెడాన్‌లో ఇలాంటి ఇంజన్ మళ్లీ వస్తుందని నేననుకోను.

ఆ ఇంజన్‌లోనే అసలు చిక్కు కూడా ఉంది. పిస్టన్లను పట్టుకునే కనెక్టింగ్ రాడ్లను, వాటి కదలికతో తిరిగే ప్రధాన ఇరుసు క్రాంక్‌షాఫ్ట్‌కు కలిపే చోట ఉండే బేరింగులు ఆశించినంత కాలం రావు. బేరింగుకూ షాఫ్ట్‌కూ మధ్య ఖాళీ చాలా తక్కువ, వాడవలసిన 10డబ్ల్యూ-60 ఆయిల్ చిక్కన, పైగా ఇంజన్ చల్లగా ఉండగానే గట్టిగా తొక్కే డ్రైవర్లు. ఈ మూడూ కలిసి వాటిని అరగదీస్తాయని మెకానిక్‌లు చెబుతారు. విప్పి చూస్తే బూడిదరంగు పైపొర చెరిగిపోయి కింద రాగి ఎర్రగా కనిపిస్తుంది. బేరింగుల సెట్ అంత భారం కాదు. ఇంజన్ కింద ఉండే ముందు సబ్‌ఫ్రేమ్ (ఉక్కు చట్రం) దించి, ఆయిల్ పాన్ తీసి, రాడ్ బోల్టులు కొత్తవి వేసి బిగించే లేబరే బిల్లులో పెద్ద భాగం. అయినా సమయానికి చేయించుకుంటే అది ఎంతో చవక, ఎందుకంటే బేరింగు తన చోటు నుంచి జారి క్రాంక్‌షాఫ్ట్ దెబ్బతింటే వచ్చే ఎస్టిమేట్ కారు మార్కెట్ ధరకే దగ్గరగా ఉంటుంది.

తరువాతి ఖర్చు ఏడు గేర్ల ఎస్‌ఎంజీది, అంటే క్లచ్‌ను హైడ్రాలిక్ వ్యవస్థే నొక్కే గేర్‌బాక్స్‌ది. క్లచ్ పెడల్ లేకపోయినా లోపల ఉన్నది మామూలు క్లచ్చే, కాబట్టి ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం జరిపేవారి చేతిలో అది త్వరగా అరుగుతుంది. హైడ్రాలిక్ పంపు పోతే గేరే పడక కారు ఉన్నచోటే నిలిచిపోతుంది. ఇంజన్‌లోకి గాలి వెళ్లే ద్వారాలను తెరిచే థ్రాటిల్ యాక్చువేటర్లు రెండింటిలో ఏది పాడైనా పవర్ బాగా పడిపోతుంది. వీటిని విప్పి బాగుచేసే నిపుణులున్నారు గనుక కొత్తవే కొనాలన్న మాటకు వెంటనే తలూపనక్కరలేదు.

పోటీ కార్లు ఏమంత మేలు కావు. మెర్సిడెస్ సీ63 ఏఎంజీలోని 6,208 సీసీల ఇంజన్‌కు, ముఖ్యంగా తొలి సంవత్సరాల వాటికి, సిలిండర్ల పైమూతను బిగించే హెడ్ బోల్టులు బలహీనం. అవి విరిగితే కూలెంట్ సిలిండర్లలోకి దిగుతుంది. మెరుగైన బోల్టులు వేసిన బిల్లు ఉంటే ఆ కారును ఎం5 కంటే ముందు పరిశీలిస్తాను. ఆడి ఎస్4, 2003 ప్రాంతపు 4.2 లీటర్ల వీ8 ఇంజన్‌ది, మరీ చిత్రమైన ఏర్పాటు: వాల్వులను సమయానికి తెరిపించే టైమింగ్ చైన్‌ను వెనుక, గేర్‌బాక్స్ వైపు పెట్టారు. ఆ చైన్‌ను దారిలో ఉంచే ప్లాస్టిక్ గైడ్లు విరగడం మొదలైతే చిన్న భాగాల కోసం ఇంజన్ మొత్తాన్ని బయటికి తీయాలి. ఈ ఇంజన్ గీసిన ఇంజనీర్లు దాన్ని తాము రిపేరు చేయవలసి వస్తుందని ఎన్నడూ ఊహించి ఉండరు.

ప్రశాంతంగా ఉండాలనుకునేవారికి లెక్సస్ ఐఎస్ ఎఫ్ చూపిస్తాను. 2008లో మొదలైన ఈ కారులోని 4,969 సీసీల వీ8 ఇంజన్‌కు వాటర్ పంపు లీకు, ఇన్‌టేక్ (గాలి లోపలికి వెళ్లే భాగం) కింది ప్లేటు దగ్గర కూలెంట్ లీకు తప్ప పెద్ద చెడ్డపేరు లేదు. ఎం5 పాడే పాట ఇది పాడదు, సస్పెన్షన్ కూడా గట్టి, కానీ గ్యారేజీ వాడి ఫోన్ నంబరు కంఠస్థం కాదు.

అయినా ఎం5నే కొంటానంటే బేరింగులు మార్చిన బిల్లు, ఏ మైలేజీ దగ్గర మార్చారో సహా, చేతికి రానిదే అడ్వాన్సు ఇవ్వకూడదు. బిల్లు లేకపోతే ఆ పని ఖర్చును ధరలోంచి తగ్గించి బేరమాడాలి. పాత ఆయిల్‌ను ల్యాబ్‌కు పంపితే సీసం, రాగి ఎక్కువ కనిపించడం అరుగుదలకు గుర్తు. మామూలుగా వస్తే మాత్రం పూర్తి భరోసా అనుకోరాదు. చూడడానికి వెళ్లేరోజు ఇంజన్ పూర్తిగా చల్లగా ఉండాలని ముందే చెప్పాలి, చైన్ గలగలా గేర్‌బాక్స్ తడబాటూ బయటపడేది మొదటి నిమిషంలోనే. బానెట్ అప్పటికే వేడిగా తగిలితే కారణమేమని అడగకుండా మరో రోజు వస్తానని చెప్పి తిరిగి రావాలి.