ర్యాప్ డాక్యుమెంటు సర్వీసులు: చట్టం పేజీలు బాగుంటాయి, ఎలిజిబిలిటీ పేజీ మీరే చూసుకోవాలి

అమెరికాలో పది పదిహేను మందితో నడిచే మనవాళ్ల ఐటీ కన్సల్టెన్సీల్లో బెనిఫిట్ల ప్లాన్ డాక్యుమెంటు ఏదని అడిగితే, చాలాచోట్ల ఇన్సూరెన్స్ కంపెనీ బుక్‌లెట్ తీసి చూపిస్తారు. అది సరిపోదు. కవరేజీ వివరాలుంటాయి గానీ ప్లాన్ అడ్మినిస్ట్రేటర్ ఎవరు, ఈఐఎన్ (కంపెనీ టాక్స్ నంబరు) ఎంత, 501 నుంచి మొదలయ్యే ప్లాన్ నంబరేది, కోర్టు నోటీసు ఎవరికివ్వాలి అన్నవి అందులో సాధారణంగా ఉండవు. 1974 నాటి ఎరీసా (ఉద్యోగుల బెనిఫిట్ ప్లాన్ల) చట్టంలో చిన్న ప్రైవేటు కంపెనీ అని ఈ డాక్యుమెంట్ల నుంచి మినహాయింపేమీ లేదు. బుక్‌లెట్‌కి అట్ట వేసినట్టు ఈ లోటు పూడ్చేదే ర్యాప్ డాక్యుమెంటు.

ఆన్‌లైన్ సర్వీసులు ఒక ప్రశ్నల ఫారం నింపించుకుని ప్లాన్ డాక్యుమెంటు, ఎస్‌పీడీ (ఉద్యోగులకిచ్చే ప్లాన్ సారాంశం) రెండూ చేసిస్తాయి. హక్కుల ప్రకటన, అప్పీళ్ల పద్ధతి లాంటి పేజీలకు వంక పెట్టనక్కర్లేదు. తేడా వచ్చేది ఎలిజిబిలిటీ దగ్గరే. వెయిటింగ్ పీరియడ్ గడిలో "90 రోజుల తర్వాత వచ్చే నెల 1వ తేదీ" అని కొట్టినా కొన్ని ఫారాలు నోరెత్తవు. చట్టం ఒప్పేది సెలవులతో కలిపి 90 రోజులే. మార్చి 10న చేరినవారికి జూన్ 8కల్లా కవరేజీ మొదలవ్వాలి. ఫారంలో కొట్టిన మాట ప్రకారమైతే జూలై 1 అవుతుంది. మనిషికి రోజుకు 100 డాలర్ల చొప్పున ఎక్సైజ్ టాక్స్ పడొచ్చు. "60 రోజుల తర్వాత వచ్చే నెల 1" అని రాస్తే జూన్ 1కే మొదలవుతుంది, గొడవ ఉండదు.

బెంచ్ (ప్రాజెక్టు లేకుండా ఉండే కాలం) సంగతి ఫారాలు సాధారణంగా అడగవు. హెచ్‌1బీ వాళ్లకు ప్రాజెక్టు లేకున్నా జీతం ఇవ్వాలి, బెనిఫిట్లు అమెరికన్ ఉద్యోగుల పద్ధతిలోనే ఇవ్వాలి. "వారానికి 30 గంటలు బిల్ చేసేవారికే" అన్న క్లాజు దీనికి అడ్డం పడుతుంది. అలాగని బుక్‌లెట్‌లో లేని అర్హత ర్యాప్‌లో రాసేసినా ప్రమాదమే: ఇన్సూరర్ క్లెయిమ్ కాదంటే బిల్లు మీ మెడకు చుట్టుకోవచ్చు.

ఉద్యోగి జీతంలోంచి ప్రీమియం ప్రీ-టాక్స్‌గా (టాక్స్ లెక్కకు ముందే) కోస్తుంటే, దానికి వీలిచ్చే సెక్షన్ 125 ప్లాన్ డాక్యుమెంటు కూడా ఉండాలి. వెనక తేదీ వేసి సంతకం చేస్తే చెల్లదు. ఎస్ కార్పొరేషన్‌లో (లాభం మీద టాక్స్ ఓనర్లే కట్టే రకం కంపెనీ) 2 శాతానికి మించి వాటా ఉన్న ఓనరు, అక్కడే ఉద్యోగం చేసే ఆయన భార్య కూడా ఇందులో చేరడానికి లేదు. మన కంపెనీల్లో తరచూ జరిగే పొరపాటు ఇదే.

పీడీఎఫ్ చేతికొస్తే పని అయిపోయినట్టు కాదు. సంతకం పెట్టి, కవరేజీ మొదలైన 90 రోజుల్లో ఎస్‌పీడీని ఉద్యోగికి అందించాలి. పోర్టల్‌లో ఊరికే పడేస్తే అందించినట్టు లెక్క కాదు. రాసి అడిగినా 30 రోజుల్లో ఇవ్వకపోతే కోర్టు రోజుకు 110 డాలర్ల దాకా జరిమానా వెయ్యొచ్చు. పూర్తిగా ఇన్సూరెన్స్ మీద నడిచే ప్లాన్‌లో ఏడాది మొదట 100 మంది లోపుంటే ఫారం 5500 (ప్రభుత్వానికిచ్చే ఏటా రిపోర్టు) అక్కర్లేదు. లెక్కలోకొచ్చేది ఉద్యోగులే, కుటుంబసభ్యులు కాదు.

వర్డ్ ఫైలు ఇవ్వని సర్వీసు జోలికి వెళ్లొద్దు. రెన్యువల్‌లో క్యారియర్ మారిన ప్రతిసారీ ఒక్క పేరు దిద్దడానికి మళ్లీ డబ్బు కట్టాల్సి రావొచ్చు.